మళ్ళీ కడుపులో పాము

ఆ బడిలో వంట చేసే మనిషికి కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆమె చేతిలో గరిటె ఉన్నంతసేపు హెడ్మాస్టరు కూడా వంటగది గుమ్మం దాటడు. ఏదైనా చెప్పాల్సి వస్తే బయటే నిలబడి గొంతు సవరించుకుంటాడు. పిల్లలకు మాత్రం ఆమె పెద్దమ్మ. ఆమె తిడితే వాళ్ళు నవ్వుతారు. పెద్దమ్మ తిట్టిందంటే ఆ పూట కంచంలో గరిటెడు ఎక్కువే పడుతుందని వాళ్ళకు అనుభవం.

అలాంటి పెద్దమ్మకు ఒక మంగళవారం తల కొట్టేసినంత పనైంది. మళ్ళీ కంచంలో సగం అన్నం మిగిలిపోయింది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. మళ్ళీ అంటే ఇంకోసారి అని కాదు, ఒక పిల్ల. మూడో తరగతి. దానికి వేరే ఏదో పేరుంది గానీ హాజరు పిలిచేటప్పుడు తప్ప ఆ పేరుతో ఎవరికీ పనిలేదు. బడిలో చేరిన కొత్తలో అందరికంటే ముందు కంచం ఖాళీ చేసి, వరసలోంచి లేచి, పొయ్యి దగ్గరికొచ్చి, "మళ్ళీ" అంది. మర్నాడూ అదే మాట. ఇదిగో మళ్ళీ వచ్చింది, మళ్ళీకి పెట్టండి, మళ్ళీ ఏదీ అంటూ పెద్దమ్మ నోటి మీదుగా ఆ పేరు బడంతా పాకింది. కొత్తవాళ్ళెవరైనా విని మల్లి అనుకుని ఎంత చక్కటి పేరో అంటారు. పువ్వూ కాదు, కాయా కాదు, అది అచ్చంగా ఆకలి పేరు.

అంత తిన్నా ఆ పిల్ల ఒంట్లో ఒక్క చోటా కండ లేదు. పొట్ట మాత్రం ముందుకొచ్చి, కాళ్ళూ చేతులూ పుల్లల్లా ఉండేవి. నలుగురితో కలిసి నడిస్తే ఎప్పుడూ వెనకబడేది. ఇంత అన్నం ఎక్కడికి పోతోందే అని పెద్దమ్మ దాని బుగ్గ గిల్లబోతే గిల్లడానికి బుగ్గ దొరికేది కాదు.

ఆ పిల్ల అన్నం వదిలేసింది. పెద్దమ్మ ముందు తన వంటనే అనుమానించింది. కూర నాలిక మీద వేసుకుని చూసింది. ఉప్పు సరిపోయింది, కారం సరిపోయింది. తన నాలికే చెడిపోయిందేమోనని టీచరమ్మను పిలిచి రుచి చూడమంది. టీచరమ్మ బాగుందంది. బాగుందని అన్న తీరు నచ్చక, భయపడి అంటున్నావా నిజంగా అంటున్నావా అని ఆమె మీద కూడా ఎగిరింది. బుధవారం గుడ్డు పెట్టే రోజు. మళ్ళీ తన గుడ్డును పక్క పిల్ల కంచంలో పెట్టేసి, నాలుగు మెతుకులు కతికి లేచిపోయింది. ఆ బడిలో గుడ్డు వదిలిన పిల్ల అంతవరకూ లేదు. పెద్దమ్మకు ఇక కోపం పోయి భయం పట్టుకుంది.

అసలు సంగతి సోమవారమే మొదలైంది, అది వంటగది దాకా రాలేదంతే. ఆరోజు నర్సమ్మ వచ్చింది. మంచి మనిషే, కాకపోతే ఎప్పుడూ కాళ్ళకు చక్రాలు కట్టుకున్నట్టే ఉంటుంది. ఎన్నో ఊళ్ళు, ఎన్నో బళ్ళు, ఉన్నది ఒక్కతే. వరండా గోడకు పెద్ద బొమ్మ ఒకటి తగిలించింది. మనిషి పొట్ట, అందులో పేగులు, పేగుల్లో చుట్టలు చుట్టుకుని చేతి పొడవున ఏలికపాము. తర్వాత పిల్లలను వరసగా నిలబెట్టి చూసుకుంటూ వెళ్ళింది. మళ్ళీ దగ్గర ఆగి దాని కింది కనురెప్ప బొటనవేలితో కిందికి లాగి చూసి, ఒంట్లో రక్తం లేదు తల్లీ నీకు అంది. కడుపులో పాములున్నాయి, నువ్వు తినేదంతా అవే తినేస్తున్నాయి, వచ్చే వారం గురువారం మాత్ర తెస్తాను అని తల నిమిరి పక్క పిల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. మనందరం అనే మాటే అది. కడుపులో పాములని ఎవరనరు? అయితే ఎనిమిదేళ్ళ పిల్ల చెవిలో ఆ మాట ఎలా దిగిందో ఎవరూ చూడలేదు.

శుక్రవారం పొద్దున ప్రార్థన జరుగుతుండగా మళ్ళీ కళ్ళు తిరిగి పడిపోయింది.

కబురందుకుని దాని తాత పరుగున వచ్చాడు. మేకలు కాచుకునే మనిషి. తల్లీ తండ్రీ తెల్లారకముందే క్వారీ పనికి పోతారు కాబట్టి ఆ పిల్ల మంచిచెడ్డలన్నీ ఆయనవే. హెడ్మాస్టరు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు గానీ చెప్పాల్సింది మాత్రం కచ్చితంగా చెప్పాడు. ఇంటి నుంచి బడికి చాలా దూరం, దారి మధ్యలో పడిపోతే ఎత్తే దిక్కు లేదు, మేకల దగ్గరైతే కళ్ళ ముందు ఉంటుంది. గురువారం దాకా చూస్తాననీ, ఈలోగా తిండి తినకపోయినా, ఇంకోసారి పడినా బడి మాన్పించేస్తాననీ అన్నాడు.

"చదువు లేకపోతే ఎలాగో బతుకుతుంది సారూ. పిల్లే లేకపోతే చదువు ఎవరికి?" అన్నాడు.

ఆ మాట గుమ్మంలో నిలబడి పెద్దమ్మ వింది. ఆ బడిలో ఒకసారి మానేసిన ఆడపిల్ల తిరిగి వచ్చిన దాఖలా ఆమె ఎరగదు.

తాత ఇంకా హెడ్మాస్టరు దగ్గర ఉండగానే ఆమె పిల్లను వంటగదిలో కూర్చోబెట్టుకుని గ్లాసుడు పాలు వెచ్చచేసి, చక్కెర వేసి, నోటి దగ్గర పెట్టింది. మళ్ళీ రెండు పెదాలూ బిగించేసింది. బతిమాలింది, కసిరింది, నీ కాళ్ళు పట్టుకుంటానే అంది. అప్పటికి నోరు విప్పింది.

"వద్దు పెద్దమ్మా. పాలంటే దానికి ఇంకా ఇష్టం."

"దేనికే?"

"పాముకి."

ఇక ఒక్కొక్కటే బయటికొచ్చింది. తను తింటే అది తింటుంది. తను మానేస్తే ఆకలికి అదే చస్తుంది. అందుకని చచ్చేదాకా తినకూడదని ఒట్టు పెట్టుకుంది. పామూ లేదు గీమూ లేదు, నర్సమ్మ వేళాకోళానికి అని ఉంటుందని పెద్దమ్మ కొట్టిపారేసింది. అక్కడే ఆమె పొరపడింది. ఎందుకంటే మళ్ళీ కళ్ళారా చూసింది. దొడ్డికి వెళ్ళినప్పుడు ఒకటి పడింది, పెన్సిలంత పొడవు, తెల్లగా, కదులుతూ. గోడ మీద బొమ్మలో ఉన్నది చేతి పొడవు. అంటే పడింది పిల్లపాము, తల్లిపాము ఇంకా లోపలే ఉంది. పెద్దమ్మ అబద్ధం చెబుతోందని ఆ పిల్లకు అర్థమైపోయి, మొహం పక్కకు తిప్పుకుంది.

"సరే, ఉందే అనుకుందాం. గురువారం మాత్ర వేసుకుంటే చస్తుందిగా?" అంది పెద్దమ్మ.

"చావకపోతే? పాముని కొట్టి వదిలేస్తే పగబడుతుందని తాత చెప్పాడు. బయటుంటే పరిగెత్తొచ్చు. లోపలుంటే నేనెటు పరిగెత్తను?"

పెద్దమ్మకు నవ్వు రావాల్సింది, రాలేదు. ఇంత చిన్న ప్రాణం ఇన్నాళ్ళుగా ఎవరికీ చెప్పకుండా తన కడుపుకు తనే కాపలా కాసుకుంటోందని తలుచుకుని పిల్లను దగ్గరికి లాక్కుంది. పాలు చల్లారిపోయాయి.

ఆమె వెళ్ళి హెడ్మాస్టరుతో చెప్పింది. ఆయన నొచ్చుకుని, ఆ మధ్యాహ్నమే మూడో తరగతికి వెళ్ళి, ఏలికపాము పాము కాదు అని నల్లబల్ల మీద రాసి అందరి చేతా చదివించాడు. పిల్లలు గొంతెత్తి చదివారు. అందరికంటే గట్టిగా మళ్ళీయే చదివింది. ఆ చదివింది చదివి మర్నాడు అన్నం మాత్రం అలాగే వదిలేసింది. నర్సమ్మకు ఫోన్ చేస్తే పాపం నాలిక కరుచుకుంది. ముందు ఆ బొమ్మ తీసేయండి, నేనొచ్చి చెబుతానంది. పెద్దమ్మ స్టూలెక్కి బొమ్మ తీసి చుట్టి బీరువా వెనక పెట్టింది. ఖాళీ గోడను ముందుగా చూసింది మళ్ళీయే, పక్క పిల్లలకు చూపించింది. మనకు తెలియకూడదని దాచేశారు అని చెప్పింది. దాంతో మూడో తరగతిలో ఇంకో నలుగురు పొట్టలు తడుముకోవడం మొదలుపెట్టారు.

ఆదివారం పెద్దమ్మకు ఇంట్లో కాలు నిలవలేదు. అన్నం, పప్పు డబ్బాలో సర్దుకుని తాత ఇంటికి బయల్దేరింది. దారి పొడవునా ఆయన్ను ఏమేమి కడిగెయ్యాలో మాటలు పేర్చుకుంటూనే నడిచింది. పాము పగబడుతుందని పసిపిల్లకు చెబుతావా, పెద్దమనిషివి, బుద్ధుందా అనే దగ్గర మొదలుపెట్టాలని తీర్మానించుకుంది.

తీరా వెళ్ళేసరికి ఇంటి ముందు కంచె లోపల మేకలన్నీ గోలగోలగా ఉన్నాయి. తాత బండ మీద కూర్చుని ఒక సీసాలోంచి చిన్న గొట్టంలోకి మందు వంచుతున్నాడు. మళ్ళీ ఒక మేక మీద గుర్రమెక్కినట్టు అటో కాలు ఇటో కాలు వేసి నిలబడి, దాని తలను మోకాళ్ళ మధ్య బిగించి పట్టుకుంది. మొహం పాలిపోయి ఉంది, ఆయాసపడుతోంది, కానీ ఆ పట్టు మాత్రం సడలలేదు. ప్రార్థనలో నిలబడలేక పడిపోయిన పిల్ల ఇదేనా అని పెద్దమ్మ కంచె దగ్గరే ఆగిపోయింది. ఆ పిల్ల వరసగా ఒక్కో మేకనూ పట్టుకుని, బొటనవేలితో దాని కింది రెప్ప లాగి చూసి, దీనికి మందు పొయ్యి తాతా అనో, దీనికి వద్దులే అనో తాతకే చెబుతోంది.

పేర్చుకొచ్చిన మాటలన్నీ మర్చిపోయింది పెద్దమ్మ. కంట్లో ఏం చూస్తున్నావే అని అడిగింది.

ఇంత వయసొచ్చి ఇది కూడా తెలీదా అన్నట్టు చూసింది మళ్ళీ. రెప్ప లోపల ఎర్రగా ఉంటే మేక బాగున్నట్టు, తెల్లగా ఉంటే కడుపులో నట్టలు చేరి రక్తం తాగేస్తున్నట్టు అని చెప్పింది. నట్టలంటే ఏంటో పెద్దమ్మకు తెలియక కాదు, అయినా అడిగింది. పురుగులే పెద్దమ్మా, సన్నగా పొడుగ్గా ఉంటాయి, గడ్డితో పాటు లోపలికి పోతాయి అంది పిల్ల.

"మందు పోస్తే ఏమవుతాయి?"

"చచ్చి పెంటికల్లో పడిపోతాయి."

"పగబట్టవూ?"

మళ్ళీకి నవ్వొచ్చింది. ఆ వారమంతటిలో అది నవ్వడం అదే మొదలు. "నట్టలకి పగేంటి పెద్దమ్మా" అంది.

"మరి అవి చచ్చేదాకా మేకను పస్తు పెడతారా?"

"పస్తు పెడితే మేకే పడిపోతుంది. మందు పోశాక ఇంకా ఎక్కువ ఆకు వెయ్యాలి. రక్తం పట్టాలి కదా."

పెద్దమ్మ డబ్బా పక్కన పెట్టి కంచె లోపలికి వచ్చింది. ఇంకో మేక వచ్చింది. మళ్ళీ దాని రెప్ప లాగింది. అప్పుడు పెద్దమ్మ నెమ్మదిగా అంది.

"నర్సమ్మ కూడా నీ కన్ను ఇలాగే లాగి చూసిందట కదే."

మళ్ళీ చేతులు ఆ మేక బుగ్గల మీదే ఉండిపోయాయి. మేక విదిలించుకుని పోయినా పట్టించుకోలేదు. నేరుగా తాత దగ్గరికి వెళ్ళి ఆయన ముందు గొంతుక్కూర్చుంది.

"తాతా, నా కన్ను చూడు."

తాత సీసా పక్కన పెట్టి, చేతులు పంచెకు తుడుచుకుని, దాని కింది రెప్ప లాగాడు. అలవాటైన చెయ్యి, అలవాటైన చూపు. తెల్లగా ఉందమ్మా అని మేక సంగతి చెప్పినట్టే చెప్పేశాడు. చెప్పాక ఆ చెయ్యి తీయలేకపోయాడు. ఏటా వానలకు ముందు ఒక్క మేకను కూడా మర్చిపోకుండా రెప్ప లాగి చూస్తానే, ఇంట్లో తిరిగే పిల్ల కన్ను ఒక్కసారి చూసిన పాపాన పోలేదే అని గొణుక్కుంటూ కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆయన్ను కడిగెయ్యాలని వచ్చిన పెద్దమ్మే పక్కన కూర్చుని ఓదార్చాల్సి వచ్చింది.

మళ్ళీ మాత్రం ఏడవలేదు. దాని మొహంలో ఏదో బరువు దిగినట్టుంది.

"అయితే నాకున్నవి నట్టలా?"

"నట్టలే" అంది పెద్దమ్మ.

"మరి నర్సమ్మ పాములని ఎందుకంది?"

"ఆవిడకి మేకల్లేవు కదే. ఆ మాట తట్టి ఉండదు."

ఆ జవాబు పిల్లకు బాగా నచ్చింది. వెంటనే తల పైకెత్తి, నోరు తెరిచి, నాకూ పోసెయ్యి తాతా అంది. పెద్దవాళ్ళిద్దరూ ఒక్కసారే కేకేశారు. తాత సీసాను వెనక్కి దాచేశాడు. మేక మందు మేకకే, మనిషికి మనిషి మాత్ర వేరే ఉంది, గురువారం నర్సమ్మ తెస్తుంది, దీని మూత కూడా ముట్టుకోకూడదని పెద్దమ్మ దాని చేత ఒట్టేయించుకుంది. తర్వాత డబ్బా మూత తీసింది. పిల్ల కబుర్లు చెబుతూ రెండు ముద్దలు తింది. అంతకంటే పట్టలేదు. ఎండిపోయిన కడుపు ఒక్కపూటలో తెరుచుకుంటుందా? మిగిలింది తాతా మనవరాలూ రాత్రికి తింటామన్నారు.

అక్కడితో అంతా అయిపోయిందనుకుంటే పొరపాటే. మేకలకు పోయడం వేరు, తన నోట్లో వేసుకోవడం వేరు. గురువారం మూడో తరగతి మొత్తం వరండాలో బిగుసుకుపోయి నిలబడింది. పాము కథ చెప్పి భయపెట్టింది మళ్ళీయే కాబట్టి అందరి చూపులూ దాని మీదే ఉన్నాయి. గేటు దగ్గర తాత నిలబడి ఉన్నాడు. ఇవాళ ఈ పిల్ల మాత్ర వేసుకోకపోతే ఆయన వేలు పట్టుకుని తీసుకెళ్ళిపోతాడు, రేపటి నుంచి రాదు. ఆ సంగతి నర్సమ్మకు తెలుసు, హెడ్మాస్టరుకు తెలుసు. పెద్దమ్మ పొయ్యి మీద అన్నం వదిలేసి మరీ వచ్చింది.

నర్సమ్మ ఈసారి తొందరపడలేదు. నేల మీద మఠం వేసుకుని కూర్చుంది. మొన్న నేను పాములన్నాను కదా, అది తప్పు మాట, వాటిని నట్టలంటారట, నాకు తెలీదు, మీలో ఒకరు చెప్పారు అంది. పిల్లలు మళ్ళీ వైపు చూశారు. మేకలున్న ఇళ్ళ పిల్లలు ఓస్ అదా అన్నారు. నర్సమ్మ మాత్ర తీసి మళ్ళీ అరచేతిలో పెట్టి, నమిలి మింగాలి తల్లీ అని చెప్పింది.

మళ్ళీ మాత్రను చూస్తూ ఉండిపోయింది. పెద్దమ్మ ఇక ఉండబట్టలేక దగ్గరికెళ్ళి వంగింది. ఏమే, భయంగా ఉందా అని చెవిలో అడిగింది. ఉందని తలూపింది పిల్ల.

"నా తల పట్టుకో పెద్దమ్మా. మేకకి పట్టుకున్నట్టు."

పెద్దమ్మ అలాగే చేసింది. పిల్లను నేల మీద కూర్చోబెట్టి, వెనక నిలబడి, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, దాని భుజాలను మోకాళ్ళతో అదిమి, గడ్డం కింద చెయ్యి పెట్టి పట్టుకుంది. వెనక వరసలో ఎవడో మే అన్నాడు. వరండా అంతా ఘొల్లుమంది. ఆ నవ్వులో మళ్ళీ కూడా నవ్వేసి, నోట్లో వేసుకుని, కరకర నమిలి మింగేసింది. పెద్దమ్మ అరచేతికి ఆ చిన్న గొంతు గుటక వేయడం తెలిసింది. అమ్మయ్య అనుకుంది, పైకే అనేసింది.

ఇక ఆ తర్వాత మళ్ళీ పెత్తనం చూడాలి. ఒక్కొక్కరి కింది రెప్పా లాగి చూడటం, గడ్డం పట్టుకోవడం, నమిలావా, ఏదీ నోరు తెరువు, నాలిక కింద దాచావా అని గద్దించడం. ఒకడు నిజంగానే దాచాడు, పట్టేసింది. నాకు ఉద్యోగం ఊడేట్టుంది అని నర్సమ్మ నవ్వింది. రక్తం పట్టడానికి ఇంకో రకం మాత్రలిచ్చింది, దొడ్డికెళ్ళి వచ్చాక సబ్బుతో చేతులు కడుక్కోవాలంది, బయట తిరిగేటప్పుడు కాళ్ళకు చెప్పులుండాలంది, ఆరునెలలకు మళ్ళీ వస్తానంది. మళ్ళీ ఎక్కడికీ పోదు, ఇక్కడే ఉంటుంది అని పెద్దమ్మ అందుకుంది. ఆ మాట ఆమె గేటు వైపు చూస్తూ అంది. తాత వినపడనట్టే తల తిప్పుకున్నాడు గానీ, మనవరాలిని పిలవకుండానే మేకల దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం మళ్ళీ సగం కంచం తింది. మర్నాడు ఇంకొంచెం. తర్వాత కంచమంతా ఖాళీ చేసింది గానీ లేచి కుళాయి దగ్గరికి పోయింది. పెద్దమ్మ రోజూ గిన్నె అడుగున గరిటెడు ఉంచి, వరస వైపు ఓ కన్నేసి, చివరికి విసుక్కుంటూ ఆ అన్నాన్ని వాకిట్లో కుక్కకు వేసేది. ఆ కుక్క బాగానే ఒళ్ళు చేసింది. తాత ఆదివారం ఆదివారం మనవరాలి రెప్ప లాగి చూసుకుంటున్నాడు. దారిలో పెద్దమ్మ కనిపిస్తే, ఎరుపు తిరుగుతోందమ్మా అని చెప్పి పోతున్నాడు. చెప్పులు కూడా కొన్నాడు, ఎదిగే కాళ్ళని ఒక సైజు పెద్దవి.

ఒకరోజు పెద్దమ్మ పొయ్యి మీద మండిపడుతోంది. పచ్చి కట్టెలు, వంటగదంతా పొగ, కళ్ళు మండిపోతున్నాయి. ఈ కట్టెలు పంపినవాడి వంశాన్ని మొదటి నుంచీ వరసగా తిట్టుకుంటూ వస్తోంది. వెనక గుమ్మంలో పెద్ద చెప్పులు టపటపమని ఆగాయి. కంచం గుమ్మానికి తగిలిన చప్పుడైంది.

"మళ్ళీ."

పెద్దమ్మ తిట్టు సగంలో ఆగిపోయింది. వెనక్కి తిరగలేదు. ముక్కు చీదుకుని, పొగ పొగ అని గొణిగి, "వినపడలేదు, ఏంటి?" అంది.

"మళ్ళీ పెట్టు పెద్దమ్మా."

వినపడకపోవడమేమిటి, మొదటిసారే బాగా వినపడింది. ఇంకోసారి వినాలనిపించి అడిగిందంతే.